ప్రభుత్వ ఆమోదం పొందిన దయ్యం

ప్రజలను భయపెట్టే పని ఇంకెంతకాలం ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో ఉండాలని సాంస్కృతిక శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో ఆవేదన వెలిబుచ్చారు. ఆవేదన వెలిబుచ్చడంలో వారికి వారే సాటి. వారపత్రికల్లోనూ ఫోన్లలోనూ ఎక్కడపడితే అక్కడ వస్తున్న చిన్న చిన్న భయానక కథల్లో నాణ్యత లోపించిందని, సామాన్యుడికి సరైన భయం అందడం లేదని, అందుకే ప్రభుత్వమే స్వయంగా ఒక భయానక కథల సంపుటి వెయ్యబోతోందని ప్రకటించారు.

"అందులో దయ్యాలుంటాయా సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"అర్హత ఉన్నవన్నీ ఉంటాయి" అన్నారు మంత్రిగారు.

ఆ వార్త ప్రూఫు దిద్దింది దయ్యాలాయన. పత్రికాఫీసులో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. వారమంతా ఇతరుల తప్పులు దిద్దుతాడు. ఆదివారం అనుబంధానికి రెండు పేజీల దయ్యం కథ రాస్తాడు. పాడుబడ్డ బంగళాలు, ఎవరూ లేని మెట్ల మీద అడుగుల చప్పుడు, అద్దంలో రెండో మొహం, అన్నీ రాసేశాడు. భార్య పోయాక అవేవీ ఆయన్ని భయపెట్టడం మానేశాయి. రాయవలసింది ఒక్కటే మిగిలింది.

ఆవిడ ఆస్పత్రి మూడో అంతస్తులో, లిఫ్టు ముందర, స్ట్రెచర్ మీద పోయింది. ఆపరేషన్ గది కింద ఉంది. లిఫ్టూ కిందే ఉంది, తలుపులు బార్లా తెరుచుకుని. ఆరోగ్య మంత్రిగారు కొత్త వార్డుకి రిబ్బను కత్తిరించడానికి వస్తున్నారు, వారు ఎక్కేదాకా దాన్ని కదపకూడదని ఉత్తర్వు. మెట్ల మలుపులో స్ట్రెచర్ పట్టలేదు. "లిఫ్టు వచ్చిందా?" అని ఆవిడ అడిగింది. "ఇంకా లేదు" అన్నాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాడు. ఆ తరవాత అడగలేదు.

ఆ మంత్రిగారే ఆరోగ్యాన్ని పూర్తిగా బాగుచేసి, ఇప్పుడు సంస్కృతిని బాగుచెయ్యడానికి వచ్చారు.

దయ్యాలాయన ఆ రాత్రే కూర్చుని కథ రాశాడు. చీకటి వరండాలో, లిఫ్టు ముందర, అది రాక చనిపోయిన ఒకావిడ నిలబడి ఉంటుంది. వచ్చేపోయే ప్రతివాళ్ళనీ లిఫ్టు వచ్చిందా అని అడుగుతుంది. అంతే కథ. ఎవరి పీకా నొక్కదు, రక్తం తాగదు. ఆ ఒక్క ప్రశ్న ప్రభుత్వం తన ఖర్చుతో, తన ముద్ర వేసి, అచ్చేసి పంచాలన్నదే ఆయన కోరిక. సంపుటికి పంపేటప్పుడు కల్పనా, సొంత అనుభవమా అని అడిగితే సొంత అనుభవమేనని, ఆవిడ తన భార్యేనని చెప్పాడు.

కొన్నాళ్ళకి ఆఫీసుకి రమ్మని కబురొచ్చింది. భయానక కథల ప్రత్యేకాధికారి మొన్నమొన్నటిదాకా చేపల పెంపకం చూసేవారు. భయం గురించి చదువుకోకపోయినా, భయపడటంలో మంచి అనుభవం ఉన్న మనిషి. ఆయన గదిలో ఏసీ నీళ్ళు బకెట్లోకి కారుతున్నాయి. బల్ల మీద కథ ఉంది. పంపినప్పటికంటే బాగా లావెక్కింది.

"కథ అద్భుతం మాస్టారూ" అన్నారు అధికారి. "చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. అదొక్కటే ఇబ్బంది."

ఆ ఇబ్బందిని ఎలా తొలగించిందీ ఓపిగ్గా వివరించారు. కథలో ఏ వస్తువు కనబడితే ఆ శాఖ అభిప్రాయం తీసుకోవాలి. చేపల శాఖలో ఆయనే ప్రవేశపెట్టి మంచి ఫలితాలు సాధించిన పద్ధతి ఇది. చీకటి వరండాని విద్యుత్ శాఖకి పంపారు. తమ పరిధిలో చీకటి లేదని వాళ్ళు రాశారు. దయ్యాన్ని విజ్ఞాన శాఖకి పంపారు. దయ్యాలు లేవని, ఒకవేళ ఉన్నా ప్రభుత్వ భవనాల్లో నిలబడటానికి వాటికి అనుమతి లేదని జవాబొచ్చింది. లిఫ్టుని భవనాల శాఖకి పంపారు. లిఫ్టు ఆగిపోలేదు, ప్రముఖులకు స్వాగతం పలుకుతోంది అని వాళ్ళు దిద్దారు.

"మా ఆవిడ్ని ఎవరికి పంపారు?" అని అడిగాడు దయ్యాలాయన.

"ఆరోగ్య శాఖకి. శుభవార్త మాస్టారూ. ఆవిడ కోలుకున్నారు."

దయ్యాలాయన బకెట్ వైపు చూశాడు. బకెట్లో నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి.

"పూర్తిగా కోలుకున్నారు" అని అధికారి నొక్కి చెప్పారు. "లిఫ్టు కోసం ఎదురుచూస్తూ మనుషులు పోవడం మా దగ్గర లేదని రాతపూర్వకంగా ఇచ్చారు."

"నా కథ నాకిచ్చెయ్యండి."

అధికారి మనసు నొచ్చుకుంది. ఇన్ని శాఖలు రెక్కలు ముక్కలు చేసుకుని రాసిన కథని పట్టుకుని నాదంటారేంటని అడిగారు. పైగా ఆమోదం పొందిన కథని వెనక్కిచ్చే ఏర్పాటు ఎక్కడా లేదు.

"లిఫ్టు వచ్చిందా అన్న మాట?"

"దాన్ని ముట్టుకోలేదు. ప్రజలకి ప్రశ్నించే హక్కుంది కదండీ. జవాబు మాత్రం మేం రాశాం. 'వచ్చింది' అని."

"మరి భయం ఎక్కడుంది?"

"ముందుమాటలో పెట్టాం" అన్నారు అధికారి. "మంత్రిగారే స్వయంగా రాస్తున్నారు."

ఆ తరవాత ఆహ్వానం వచ్చింది. కథ రచయిత సొంత అనుభవం. ఆ కథలో భార్య కోలుకుంది. కాబట్టి రచయిత భార్య కోలుకుని ఇంట్లో ఉంది. ఇంత తేటగా ఆలోచించగల యంత్రాంగం ఉండటం ప్రజల అదృష్టం. ఆవిష్కరణ సభకి సతీసమేతంగా రావాలని, లిఫ్టుని సకాలంలో అందుకున్న మహిళగా ఆవిడకి సన్మానం జరుగుతుందని అందులో ఉంది.

దాన్ని ముందుగా చదివింది మరదలు. పక్క వీధిలోనే ఉంటుంది. అక్క పోయిన దగ్గర్నుంచి పొద్దున్నే బావకి కూర తెచ్చిపెట్టి, రెండు మాటలు అనేసి వెళ్తుంది. ఆ రోజు మూడో అంతస్తు నుంచి కిందికి పరిగెత్తి, లిఫ్టు పంపమని కాళ్ళావేళ్ళా పడింది తనే.

"అక్క కోలుకుందటగా బావా" అంది. "రేపట్నుంచి నేను కూర తేనక్కర్లేదన్నమాట."

ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

వెళ్ళొద్దని, వెళితే నవ్వులపాలవుతాడని మరదలు చెప్పి చూసింది. ఆయన కాలరు తిరగేసి రెండోవైపు కూడా ఇస్త్రీ చేశాడు. ఈ మనిషి ఆగడని ఆమెకి అర్థమైంది. గిన్నె తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"సరే వెళ్ళండి. కానీ అక్క కుర్చీలో ఇంకెవర్నీ కూర్చోనివ్వకండి."

సభ ఎనిమిదో అంతస్తులో జరిగింది. వేదిక మీద రచయితకొక కుర్చీ, పక్కన ఆవిడకొక కుర్చీ. దయ్యాలాయన ఒక్కడే రావడం చూసి అధికారి మొహం పాలిపోయింది.

"అమ్మగారేరీ?"

"బతికించింది మీరు. నన్నడుగుతారేంటి?"

అధికారికి అప్పటికప్పుడు ఉపాయం తోచింది. టైపు విభాగంలో అదే వయసు ఆవిడ ఉంది, కాసేపు కూర్చోబెడదామన్నారు.

"ఆ కుర్చీలో ఎవరైనా కూర్చుంటే మైకు ముందు నా పాత కథ చదువుతాను" అన్నాడు దయ్యాలాయన.

అంతలో మంత్రిగారు వచ్చి, ఆవిడ వచ్చారా అని అధికారిని అడిగారు. రాలేదంటే ఆరోగ్య శాఖ రాసింది అబద్ధమవుతుంది. ఆరోగ్య శాఖ రాసింది అబద్ధమైతే ఆ శాఖని బాగుచేసిన వారెవరో అందరికీ గుర్తొస్తుంది. అధికారి ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చూపించారు.

"వచ్చారు సార్."

మంత్రిగారు కుర్చీ వైపు చూశారు. రాజకీయాల్లో పండిపోయిన మనిషి. అధికారులంతా చూస్తున్న చోట తనకొక్కడికే ఏదో కనబడటం లేదని ఒప్పుకుంటే ఏమవుతుందో ఆయనకి తెలుసు. వెళ్ళి కుర్చీ ముందు వంగి, పూలగుత్తి దాని మీద పెట్టారు.

"ఆరోగ్యం ఎలా ఉందమ్మా?"

చెవి కొంచెం దగ్గరగా పెట్టి విన్నారు. మైకులో చెప్పారు.

"చాలా బాగుందంటున్నారు."

సభ చప్పట్లతో మారుమోగింది. ఆవిడ నిరాడంబరత చూసి నేటి మహిళలు నేర్చుకోవాలని ఒక వక్త అన్నారు. ఫొటోగ్రాఫర్లు ఆవిడ బాగా పడేలా ఇటు నుంచీ అటు నుంచీ ఫొటోలు తీశారు. దయ్యాలు లేవని విజ్ఞాన శాఖ కార్యదర్శి చక్కని ప్రసంగం చేసి, దిగి వెళ్ళేటప్పుడు ఆవిడకి తగలకుండా కుర్చీ చుట్టూ తిరిగి వెళ్ళారు.

సభ ముగిశాక మంత్రిగారు ఉదారంగా, దంపతులని తన లిఫ్టులోనే కిందికి తీసుకెళ్తానన్నారు. విలేకరులు వెంట ఉన్నారు. మంత్రిగారు లిఫ్టులోకెక్కి వెనక్కి తిరిగి నిలబడ్డారు. పక్కన అధికారి సర్దుకున్నారు. లిఫ్టు నడిపే మనిషి బటన్ మీద వేలుంచి తలుపు మూసుకోకుండా పట్టుకున్నాడు. దయ్యాలాయన బయటే, గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"అమ్మగారు ఎక్కారా సార్?" అన్నాడు లిఫ్టు మనిషి.

అధికారి మంత్రిగారి వైపు చూశారు. మంత్రిగారు విలేకరుల వైపు చూశారు. ఆ తరవాత ఇద్దరూ దయ్యాలాయన వైపు చూశారు. ఆయన ఖాళీ వరండా వైపు చూశాడు.

"ఇంకా లేదు."

"ఆడవాళ్ళు కదా, తొందరపెట్టకండి" అని మంత్రిగారు నవ్వారు. విలేకరులు అది రాసుకున్నారు. మంత్రిగారికి ఊరవతల కత్తిరించాల్సిన రిబ్బను ఇంకోటి ఉంది. జేబులో ఫోను మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. లిఫ్టు మనిషి వేలు మార్చుకున్నాడు.

మంత్రిగారి మొహమ్మీద నవ్వు అలాగే ఉంది గాని, దాని అంచుల దగ్గర చెమట పట్టింది. గొంతు తగ్గించి, దయ్యాలాయనకి మాత్రమే వినబడేలా అడిగారు.

"వచ్చారా?"

దయ్యాలాయన వరండా చివరిదాకా తీరిగ్గా చూశాడు.

"ఇంకా లేదు" అన్నాడు.