మంచుకొండలకు మూడు పుస్తకాలు

యూరప్ వెళ్ళేలోపు చదవడానికి లైబ్రరీ నుంచి మూడు పుస్తకాలు తెచ్చుకోవాలి. ఆ శనివారం పొద్దున కోడలు పెట్టుకున్న పని అదొక్కటే. ఆపరేషన్ వార్డులో పదకొండేళ్ళు నర్సుగా చేస్తే ఇన్నాళ్ళకు పది రోజుల సెలవు దొరికింది. మంచు మీద కాళ్ళకు పలకలు కట్టుకుని జారాలన్నది పెళ్ళికి ముందునుంచీ ఆమె కోరిక. రెండు నెలల్లో ప్రయాణం. టూరు కంపెనీవాళ్ళు జంటగా తప్ప తీసుకుపోరు.

వార్డులో ఆమెకొక అలవాటుంది. ఏ ఆపరేషన్‌కైనా ముందు ఏమేం చెడవచ్చో చదివి, ఆ పేజీలో రోగి పేరుతో చీటీ పెట్టుకుంటుంది. పుస్తకాలూ ఆ లెక్కనే ఎంచింది. అందమైన ఊళ్ళ బొమ్మలున్నదాన్ని పక్కకు నెట్టి, మంచుచరియలు విరిగిపడటం మీద ఒకటి, చలికి చచ్చిన వేళ్ళు తీసేయడం మీద ఒకటి, వీలునామా రాసే పద్ధతి మీద ఒకటి తెచ్చింది. భర్తకు మోకాళ్ళు బలహీనం, సాక్సు వేసుకోమంటే వేసుకోడు. అందుకని కావలసిన చోటల్లా "ఆయన" అని చీటీలు పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది.

అత్తగారు బల్ల తుడుస్తూ అవి చూసింది. విరిగిన మోకాలి బొమ్మ దగ్గర "ఆయన". నల్లబడ్డ వేళ్ళ దగ్గర "ఆయన". మంచులోంచి శవాన్ని తవ్వి తీసే చోట "ఆయన, నాలుగో రోజు".

ముసలమ్మ గుడ్డ అక్కడే పడేసి కూతురికి ఫోన్ చేసింది. "మీ వదిన మీ అన్నయ్యకు రోజు కూడా ఖాయం చేసిందే," అంది గొంతు తగ్గించి.

కూతురు గంటలో మొగుడితో సహా దిగింది. అల్లుడు వకీలు దగ్గర గుమాస్తా, ఏదీ రేపటికి ఉంచని మనిషి. బావమరిది మెకానిక్‌గా పనిచేసే లిఫ్టుల కంపెనీకి ఫోన్ చేసి, పాపం ఇంక లాభం లేదని చెప్పేశాడు. అక్కడి మేనేజరు మెత్తనివాడు. మెకానిక్‌ను లిఫ్టు గోతిలోంచి పైకి పిలిచి, పనిముట్ల పెట్టె ఇంకొకరికి అప్పగించి, ఇంటికెళ్ళి నీవాళ్ళ దగ్గర ఉండవయ్యా అని వీపు నిమిరి పంపాడు.

అతను వచ్చేసరికి చెల్లెలి మొగుడు అతని కొత్త చలికోటు తొడుక్కుని చేతుల పొడవు చూసుకుంటున్నాడు.

"నాకు సరిపోయింది బావా," అన్నాడు మెల్లగా.

సాయంత్రం కోడలు వచ్చి విషయం తెలుసుకుని, నాలుగో రోజు పెద్దకొండ ఎక్కుతామని, అందుకే అలా రాసుకున్నానని చెప్పింది. నమ్మకం కుదరడానికి ఒక్కొక్క పేజీ తీసి భర్తకు చూపించింది. అక్కడే పని చెడింది. అప్పటిదాకా అతను బొమ్మలు చూడలేదు.

"నేను రాను," అన్నాడు కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుని. "నా పెట్టె నాకిప్పిస్తే చాలు."

కోడలు పుస్తకాలు ఒక్కొక్కటే మూసి, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పదకొండేళ్ళూ అలా ఆమె ఒళ్ళో ఉన్నట్టే ఉంది.

అత్తగారు గొంతు సవరించుకుంది. ఎవరూ దాచేయకుండా రోజంతా ఆ పుస్తకాలకు కాపలా కూర్చుని, మూడూ అట్ట నుంచి అట్టదాకా చదివేసిందావిడ.

"చరియ మీద పడితే ఈదినట్టు చేతులాడించాలట. నోటి ముందు గాలికి చోటు చేసుకోవాలట. నేనొస్తాలేవే."

"అత్తయ్యా, మీ మోకాళ్ళు..."

"నా పేరునా ఓ చీటీ పెట్టుకో."

రెండు నెలలకు ఆడవాళ్ళిద్దరూ వెళ్ళారు. నాలుగో రోజు మెకానిక్ రెండు జతల సాక్సు వేసుకుని మంచం దిగలేదు. చెల్లెలి మొగుడు పొద్దున్నే ఆ చలికోటు తొడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు. సాయంత్రం ఫోన్ మోగింది. అత్తాకోడళ్ళు పెద్దకొండ మీంచి రెండుసార్లు దిగారట, మూడోసారికి వరసలో ఉన్నారట.

చెల్లెలి మొగుడు ఇంకో గంట చూసి, లేచి, కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు.