మరక పడని గేర్ ఆయిల్

“తన బండి కిందికి తాను దూరలేనివాడికి ఆ బండి ఎక్కే అర్హత లేదు!”

స్వహస్త సంఘం సర్వసభ్య సమావేశంలో, మైకు కీచుమంటూ మొరాయిస్తున్నా ఖాతరు చేయకుండా, అధ్యక్షులవారు ఈ మహావాక్యాన్ని లోకానికి ప్రసాదించారు. లోకమంటే ఆ సాయంత్రానికి కాలనీవాళ్లు, కొన్ని ఖాళీ ప్లాస్టిక్ కుర్చీలు. అధ్యక్షులు కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి. ఉద్యోగం ముగిసినా పిలుపు ముగియలేదు కనుక ఇప్పటికీ అందరికీ ఆయన ప్రిన్సిపాల్‌గారే.

సంఘం ఆశయం చాలా గొప్పది. ఎవరి వాహనాన్ని వాళ్లే ఇంటి దగ్గర సొంత చేతులతో బాగుచేసుకోవాలి. వర్క్‌షాపు గడప తొక్కినట్టు తేలితే ఆ సభ్యుడి పేరు నిండు సభలో చదివి మరీ తొలగిస్తారు. ఇంతవరకు ఎవరినీ తొలగించాల్సిన అవసరం రాలేదంటే సభ్యుల నిష్ఠ ఎంతటిదో ఊహించుకోవచ్చు!

ఆ కాలనీలో మర్యాదస్తుణ్ణి గుర్తుపట్టడం తేలిక. బట్టల మీద ఆయిల్ మరక ఉంటుంది. ప్రిన్సిపాల్‌గారికి పంట్లాం మోకాలి దగ్గర ఉంటుంది. ఉపాధ్యక్షుడైన పళ్ల డాక్టరుకు రెండు మోచేతుల మీదా ఉంటుంది, అదీ ఒకే సైజులో. చొక్కాలు శుభ్రంగా ఉతికి ఇస్త్రీ చేసినవే, మరక మాత్రం తాజాగా ఉంటుంది. కూరగాయలకు వెళ్లినా, బ్యాంకుకు వెళ్లినా వాళ్లు అవే తొడుక్కుంటారు.

ఇంతమంది మరకల మహానుభావుల మధ్య ఒంటి మీద చుక్క లేకుండా తిరుగుతున్నవాడు బీమాగారు ఒక్కడే. ఆయన బీమా కంపెనీలో క్లెయిములు చూసే గుమాస్తా. కాలనీకి కొత్త. ఎదుటివాడు చెప్పిన ప్రతి మాటనూ అనుమానించడమే ఆఫీసులో ఆయన పని. ఆ అనుమానమంతా అక్కడే ఖర్చయిపోతుంది కాబోలు, ఆఫీసు దాటి బయటికొస్తే ఎవరేం చెప్పినా నమ్మేస్తాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయన సంఘం ఆశయాన్ని కూడా నమ్మాడు.

మహావాక్యం వినగానే ఆవేశం పట్టలేక లేచి నిలబడ్డాడు.

“మా మినీవ్యానుకి గేర్ ఆయిల్ మార్చాలండీ. ఈ శనివారం ఇంటి దగ్గర నేనే మార్చేస్తాను.”

సభ చల్లబడిపోయింది. ఇంజన్ ఆయిల్ మార్చానని చెప్పుకోని సభ్యుడు ఆ సంఘంలో లేడు. గేర్లు వాటంతటవే పడే బండికి గేరుబాక్సు ఆయిల్ మార్చానని మాత్రం ఎవరూ ఏనాడూ అనలేదు. అంత దూరం వెళ్లి కోతలు కోయడానికి నోరు రాలేదు. ప్రిన్సిపాల్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“అది ఇంట్లో అయ్యే పనేనంటావా?”

“ఏ పనైనా అవుతుందని ఇప్పుడే కదండీ మీరన్నది.”

“అన్నాననుకో,” అన్నారాయన ఇరుకున పడి. అందరూ తన మొహమే చూస్తున్నారు. ఇక తప్పదని గొంతు సవరించుకుని, బీమాగారు ఈ పని చేసి చూపిస్తే ఖాళీగా ఉన్న కార్యదర్శి పదవి ఆయనదేనని, పని అయ్యాక తామూ డాక్టరుగారూ స్వయంగా వచ్చి తనిఖీ చేస్తామని ప్రకటించారు. చప్పట్లు పడ్డాయి.

ఇంటికొచ్చి చెబితే భార్య తాపీగా విన్నది. ఆమె ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. రోజూ ఎందరి రక్తమో తీసి, చుక్క కింద పడకుండా గొట్టాల్లోకి ఎక్కించడం ఆమెకు అలవాటు.

“ఇంతకీ గేరుబాక్సు ఎక్కడుంటుందో తెలుసా మీకు?”

“బండిలోనే కదా.”

“బండిలో ఎక్కడ?”

“కింద,” అన్నాడు బీమాగారు, ప్రిన్సిపాల్‌గారి మహావాక్యాన్ని ఆధారం చేసుకుని.

ఆమె లేచి, బండితో పాటు వచ్చిన పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టింది.

శనివారం పొద్దున్నే బండిని వీధిలో కాసేపు తిప్పి, ఆయిల్ వెచ్చబడ్డాక వాకిట్లో చదునైన చోట ఆపారు. జాకీతో ఎత్తి నాలుగు చక్రాల దగ్గరా స్టాండ్లు పెట్టి, కింద ప్లాస్టిక్ షీటు పరిచారు. బీమాగారు పాత చొక్కా తొడుక్కుని వెల్లకిలా లోపలికి జరిగాడు. కంటికి ఆనిన మొదటి బోల్టుకు రెంచీ తగిలించాడు.

“ఆగండి,” అంది భార్య, టార్చి పట్టుకుని పక్కన బోర్లా పడుకుని. “అది దేనిదో చూడాలి. కొంచెం వదులు చేసి ఒక్క చుక్క నాకివ్వండి.”

తెల్లటి దూది మీద ఆ చుక్కను అద్దుకుని వెలుతురులో పట్టి చూసింది.

“నల్లగా ఉంది. ఇది ఇంజన్‌ది. బిగించేయండి. అటు పక్కన ఇంకోటుంటుంది చూడండి.”

రెండో చుక్క ముదురు ఎరుపులో వచ్చింది. “ఇదే మనకు కావాల్సింది. కొత్తప్పుడు ఎర్రగా ఉంటుంది, వాడగా వాడగా ఇలా ముదురుతుంది,” అందామె. ఇంజన్ ఆయిల్ మొత్తం పారబోసి, గేర్ ఆయిల్ మీద మళ్లీ గేర్ ఆయిల్ పోసి, బండిని పూర్తిగా పాడుచేసే సువర్ణావకాశం బీమాగారికి అలా చేజారిపోయింది.

ఆ తర్వాతంతా ఆసుపత్రి పద్ధతే. భర్త చేతులకు గ్లవుజులు తొడిగించింది. వెడల్పాటి పళ్లెం సరిగ్గా ధార కింద జరిపింది. కారినదంతా కొలత గీతలున్న జాడీలోకి వంచి, ఎంత వచ్చిందో చూసింది. బోల్టుకు కొత్త వాషరు వేసి బిగించాక, పొడుగాటి గరాటాతో పైనుంచి అంతే కొత్త ఆయిల్ పోశారు. ఇంజన్ స్టార్టు చేసి, బ్రేకు తొక్కి పట్టి, గేరు కడ్డీని ఒక్కో స్థానంలోకీ నెమ్మదిగా జరిపారు. చివరికి పుల్ల ముంచి మట్టం చూస్తే సరిగ్గా గీతల మధ్య ఉంది.

స్టాండ్లు తీసి వీధి చివరిదాకా వెళ్లొచ్చారు. నిన్నటిదాకా గేరు మారినప్పుడల్లా ఎక్కిళ్లు పెట్టిన బండి ఇప్పుడు మెత్తగా సాగిపోయింది. ఒక పనిని మొదటి నుంచి చివరిదాకా తన చేతులతో చేయడం బీమాగారికి బుద్ధెరిగాక ఇదే మొదలు. ఆయనకు చెప్పలేనంత సంతోషం కలిగింది. భార్య వైపు చూసి నవ్వితే ఆమె కూడా నవ్వింది. ఆ పూట ఇద్దరికీ ఆకలి బాగా వేసింది.

మధ్యాహ్నం తనిఖీ బృందం వేంచేసింది. ప్రిన్సిపాల్‌గారు వాకిలంతా కలియజూశారు. నేల మీద చుక్క లేదు. బీమాగారి చొక్కా చూశారు. పాతదే గానీ శుభ్రంగా ఉంది.

“మరకేదయ్యా?”

“పడలేదండీ.”

ఊరందరినీ నోరు తెరవమనే పళ్ల డాక్టరు ఈసారి తానే నోరు తెరిచాడు. “ఒక్కటి కూడానా? పోనీ చెయ్యి గీరుకోలేదా?”

“లేదండీ.”

“ఇంట్లో గొడవైనా పడలేదా?”

“లేదండీ. మా ఆవిడే దగ్గరుండి సాయం చేసింది.”

ప్రిన్సిపాల్‌గారు తల అడ్డంగా ఊపారు. “భార్యాభర్తలిద్దరూ కలిసి బండి బాగుచేసుకున్నారట, చుక్క కారలేదట, మాటా మాటా అనుకోలేదట. నమ్మమంటావా? ఇది ముమ్మాటికీ వర్క్‌షాపు పని.”

“ఇదిగోండి, తీసిన పాత ఆయిల్,” అంటూ భార్య జాడీ తెచ్చి చూపించింది.

“అది వాళ్లే ఇస్తారమ్మా,” అనేశాడు డాక్టరు. వెంటనే దగ్గు తెచ్చుకుని, “ఇస్తారని విన్నాను,” అని సర్దుకున్నాడు.

రేపు సాయంత్రం సభలోగా సరైన రుజువు చూపించకపోతే పేరు చదివి తొలగిస్తామని చెప్పి బృందం వెళ్లిపోయింది. బీమాగారికి కాళ్లూ చేతులూ ఆడలేదు. పదవి పోతే పోయింది, నిజం చెప్పి నలుగురిలో అబద్ధాలకోరు అనిపించుకోవడమా? ఆ మాట తలుచుకుంటేనే ఆయనకు తల కొట్టేసినట్టయింది. భార్యకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

“మంచి మెకానిక్ ఎవరైనా చూస్తే ఇంట్లో చేసిందో షాపులో చేసిందో ఇట్టే చెప్పేస్తాడు. అతన్నే పిలుచుకొచ్చి సభలో చెప్పించండి.”

వర్క్‌షాపుకు వెళ్లడం తప్పే గానీ, వెళ్లలేదని రుజువు చేసుకోవాలంటే వెళ్లక తప్పదు. ఆదివారం పొద్దున బీమాగారు బండి తీసుకుని, కాలనీవాళ్ల కంట పడకుండా సందులు తిరిగి, ఊరి చివర ఒక రేకుల షెడ్డు వెతికి పట్టుకున్నాడు. మెకానిక్ బండి కిందికి వెళ్లి, చూసి బయటికొచ్చాడు.

“ఎవరు చేశారు సార్? బోల్టు చుట్టూ తుడిచి కూడా పెట్టారు. షాపులో మాకంత తీరికెక్కడిది? ఇది ఇంటి పనే.”

బీమాగారికి ప్రాణం లేచొచ్చింది. “ఈ ఒక్క మాట సాయంత్రం మా కాలనీకొచ్చి చెప్పగలరా?”

“ఏ కాలనీ?”

చెప్పాడు. మెకానిక్ చేతులు తుడుచుకోవడం ఆపేశాడు.

“స్వహస్త సంఘం సారా మీరు? ముందే చెప్పొచ్చు కదా. నేను అటు రాకూడదు సార్, మీవాళ్లతో అదే ఒప్పందం. రోడ్డు మీద ఎదురుపడ్డా పలకరించను. కూర్చోండి, మరక వేసి పంపిస్తాను. పల్చగానా, చిక్కగానా?”

“మరకేమిటి?”

“మీ కాలనీవాళ్లకి సర్వీసుతో పాటు వేస్తాం కదా సార్. లోపల ఒక సారుకి వేస్తున్నాను, అయిపోవచ్చింది.”

బీమాగారు లోపలికి తొంగి చూశాడు. ప్రిన్సిపాల్‌గారు ఒక కాలు స్టూలు మీద పెట్టి, మోకాలి మీది మరక ఆరేదాకా కదలకుండా, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు.

చూపులు కలిశాయి. ప్రిన్సిపాల్‌గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అంతలోనే, ఎదురుగా ఉన్నవాడు కూడా వర్క్‌షాపులోనే ఉన్నాడన్న సంగతి తట్టింది. మొహం విప్పారింది. మరక చెదరకుండా కుంటుతూ వచ్చి బీమాగారిని కావలించుకున్నారు.

“నువ్వూ ఇక్కడికేనటయ్యా! ఎంత హడలగొట్టావు. నిజంగానే నువ్వు చేశావేమోనని నిన్నటి నుంచి నా గుండె గుండెలో లేదు.”

“చేస్తే మంచిదే కదండీ?”

“ఏం మంచి? ఒక్కడు నిజంగా చేశాడని తెలిస్తే మిగతావాళ్లు ఏమైపోవాలి? బండి కిందికి ఎలా దూరతారో ఒక్కసారి కళ్లారా చూస్తానని మా ఆవిడ నిన్ననే మొదలుపెట్టింది. డాక్టరుగారింట్లోనూ ఇదే గోల. అందుకే నిన్ను పంపించేద్దామనుకున్నాం.” గొంతు తగ్గించారు. “దాపరికం వద్దు, నిజం చెప్పు. ఇక్కడే చేయించావు కదూ?”

బీమాగారు ఆలోచించాడు. నిజం చెబితే సాయంత్రం సభలో అబద్ధాలకోరుగా పేరు చదువుతారు. అబద్ధం చెబితే పరువు దక్కుతుంది. క్లెయిముల సెక్షన్‌లో ఇన్నేళ్లుగా చూస్తున్నా ఇంత విచిత్రమైన కేసు ఆయనకు తగల్లేదు.

“అవునండీ,” అన్నాడు తల వంచుకుని. “ఇక్కడే చేయించాను.”

మెకానిక్ ఆయన వైపు వింతగా చూశాడు.

“మరి మరక లేకుండా వచ్చావేం?”

“కొత్తవాణ్ణి కదండీ, ఆ సంగతి తెలియలేదు.”

ప్రిన్సిపాల్‌గారు పొట్ట పట్టుకుని నవ్వారు. దగ్గరుండి బీమాగారి మోచేతికి చిక్కటి మరక వేయించారు.

ఇంటికి రాగానే భార్య ఆ చెయ్యి చూసింది. “అదేమిటి?”

“షాపులో అంటింది.”

“మెకానిక్ వస్తానన్నాడా?”

“అతనితో పని లేకుండానే ప్రిన్సిపాల్‌గారు నా మాట నమ్మారు.”

సాయంత్రం సభలో ప్రిన్సిపాల్‌గారు ఉద్వేగంతో మాట్లాడారు. బీమాగారు తన ఇంటి వాకిట్లో, తన రెండు చేతులతో, ధర్మపత్ని దగ్గరుండి సాయం చేయగా, గేర్ ఆయిల్ మార్చి సంఘం చరిత్రలో కొత్త అధ్యాయం తెరిచారని కొనియాడారు. ఏకగ్రీవంగా కార్యదర్శిని చేశారు. ఇంట్లో చేసిన పనిని వర్క్‌షాపులో చేయించానని అబద్ధం చెప్పినందుకు, ఇంట్లో చేసినవాడన్న బిరుదుతో ఆయనకు పదవి దక్కింది. డాక్టరు లేచొచ్చి భుజం తట్టి కన్నుగీటాడు. ముందు వరసలోని పెద్దమనుషులంతా ఆయన వైపు ఎంతో ఆప్యాయంగా చూశారు.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది భార్యే. బీమాగారు వచ్చి పక్క కుర్చీలో కూర్చోగానే ఆయన చెవి దగ్గర చెప్పింది.

“ప్రిన్సిపాల్‌గారు చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు కదండీ. మరి వీళ్లంతా నవ్వెందుకు ఆపుకుంటున్నారు?”

బీమాగారు ఒకసారి సభ వైపు చూశాడు.

“నవ్వు కాదే,” అన్నాడు. “గౌరవం.”