వెన్నెల బార్ ముందు చెప్పుల లైను

ఆ రోజు పొద్దున నరహరి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫుట్‌పాత్ మీద సున్నంతో గుండ్రాలు గీయాలి, హాల్లో బల్లలు దూరదూరంగా సర్దాలి, ఎక్సైజ్ మేడమ్ తనిఖీకి వస్తే వినయంగా పక్కన నిలబడి అన్నీ చూపించాలి. అంతే. ఇందులో ఊరంతా వచ్చి దూరేంత సందు ఎక్కడుందో ఇప్పటికీ అతనికి అర్థం కాదు.

తార్నాక మెయిన్ రోడ్డు మీద పార్థసారథి గారి బిల్డింగులో, కింది అంతస్తులో ఉంది వెన్నెల బార్. పేరుకు బారే కానీ జనం వచ్చేది డాన్స్ ఫ్లోర్ కోసం. ఆ ఫ్లోర్ మీది రంగు దీపాలను నరహరి ఒక్కొక్కటే కొని, నిచ్చెనెక్కి తన చేతులతో తగిలించుకున్నాడు. కరోనా వచ్చాక ప్రభుత్వం అలాంటి వాళ్ల మీద చూపిన శ్రద్ధ ఇంతా అంతా కాదు. మొదట మూసేయమన్నారు. మూశాడు. తర్వాత పార్సిల్ మాత్రమే అన్నారు. డాన్స్ ఫ్లోర్‌ను కవర్లో కట్టి ఇవ్వడం ఎలాగో ఏ ఉత్తర్వులోనూ రాయలేదు. ఆ తర్వాత తెరవొచ్చు, డాన్స్ కూడదన్నారు. పాట పెట్టొచ్చు, పాటకు ఎవరూ కదలకూడదన్నారు. బల్ల మీద తిండి ఉంటేనే గ్లాసు ఉండాలన్నారు. మార్పు వచ్చినప్పుడల్లా నరహరి ఒక కొత్త బోర్డు రాయించాడు. ఆ ఏడాది వెన్నెల వల్ల బాగుపడింది బోర్డులు రాసేవాడొక్కడే.

ఇన్నాళ్లకు ఒక మేలు జరిగింది. మూసి ఉన్న నెలలకు లైసెన్సు ఫీజు మాఫీ, దాంతోపాటు తెరుచుకోవడానికి పర్మిషన్. కాకపోతే జనాన్ని బయట వరుసలో ఎలా నిలబెడతారో, లోపల ఎడంగా ఎలా కూర్చోబెడతారో తనిఖీలో చూపించాలి. దానికి ఇదే ఆఖరి రోజు. తప్పితే మాత్రం హాలును సాయంత్రానికల్లా సాత్విక్ అనే అతని కోచింగ్ సెంటర్‌కు ఇచ్చేస్తానని పార్థసారథి గారు మొహం మీదే చెప్పేశారు. కోచింగ్ సెంటర్ బోర్డు అప్పుడే వచ్చి మెట్ల పక్క గోడకు ఆని ఉంది. 'మీ భవిష్యత్తు మా చేతుల్లో' అని పెద్దక్షరాలతో ఉన్న ఆ బోర్డును చూసినప్పుడల్లా నరహరి మొహం పక్కకు తిప్పుకునేవాడు.

గుండ్రాలు గీయడం అయ్యాక బౌన్సర్ మొగిలి నడుం మీద చేతులు పెట్టుకుని వాటిని చూశాడు. మనిషి తలుపంత ఉంటాడు, గొంతు మాత్రం మహా మెత్తన. కొత్త రూల్స్ ప్రకారం నరహరి కుట్టించిన తెల్లకోటు తొడుక్కుని, మొహానికి ప్లాస్టిక్ షీల్డు పెట్టుకుని, చేతిలో టెంపరేచర్ గన్నుతో సిద్ధంగా ఉన్నాడు.

"అన్నా, గుండ్రాలు ఖాళీగుంటే మేడమ్‌కు ఏం సమజైతది? ముగ్గేసిండ్రనుకుంటది."

"మరి జనాన్ని ఏడికెల్లి తేవాలె? మూతపడ్డ బార్ ముంగట పొద్దుగాల ఎవడు నిలవడ్తడు?"

"జనమెందుకన్నా? చెప్పులు పెడదం. రేషన్ షాప్ కాడ గట్లనే కద? మనుషులు నీడకు కూసుంటరు, చెప్పులు లైన్ల ఉంటయి."

నరహరికి ఆ మాట భలే నచ్చింది. వెయిటర్ల గదిలో పడి ఉన్న బూట్లు, స్లిప్పర్లు అన్నీ ఏరుకొచ్చి గుండ్రానికొక జత పెట్టారు. మొదటి గుండ్రంలో నరహరి తన సొంత తోలుచెప్పులు విడిచి, వట్టి కాళ్లతో లోపలికి పోయి బల్లలు సర్దడం మొదలుపెట్టాడు. మొగిలి గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపటికి లోపలికి తొంగి చూశాడు.

"అన్నా, మనం ఎన్ని జతలు పెట్టినం?"

"పదో పన్నెండో. ఏం?"

"చెప్పులు పిల్లలు పెట్టినయన్నా."

నరహరి బయటికి పరిగెత్తాడు. తన గుండ్రాలన్నీ నిండిపోయాయి. వాటి తర్వాత ఎవరో సుద్దముక్కతో ఇంకొన్ని గుండ్రాలు గీసేశారు. వాటిలో హవాయి చెప్పులు, కూరగాయల సంచి, హెల్మెట్, చేతిరుమాలు చుట్టిన ఇటుక ముక్క. సొంతదారులంతా ఎదురుగా బస్టాపు నీడలో మాస్కులు పెట్టుకుని నిమ్మళంగా కూర్చున్నారు. వాళ్లందరికీ పెద్దదిక్కులా ముందు కూర్చుంది రాములవ్వ. మౌలాలి నుంచి బస్సెక్కి వచ్చిందట.

"అవ్వా, గీడెందుకు కూసున్నవ్?"

"ఎందుకేంది కొడుకా? కరోనా సూది కోసం. మూడుసార్లు పోయిన, మూడుసార్లు అయిపోయినయని ఎల్లగొట్టిండ్రు. ఇయ్యాల ఏపిచ్చుకునే పోత."

"గీడ సూది లేదవ్వా. గిది బార్!"

"నాకెర్కనే. ఒకపారి బడిల ఏసిండ్రు, ఒకపారి ఫంక్షన్ హాల్ల ఏసిండ్రు. గిప్పుడు బార్ల. సర్కారుకు ఏడ జాగ దొరికితే గాడ. గా తెల్లకోటు డాక్టరు నిలవడే ఉన్నడు కద?"

తెల్లకోటు డాక్టరు సిగ్గుపడి షీల్డు సర్దుకున్నాడు.

"అయ్యో, ఏం లేదంటున్న కదనే అవ్వా!" అన్నాడు నరహరి, ఏడుపొక్కటే తక్కువ.

రాములవ్వ పక్కనున్నామె వైపు వంగింది. "ఏం లేదంటున్నడంటే తక్కువొచ్చినయన్నట్టు. నీ సంచి జెర ముంగటికి జరుపు."

ఇక లాభం లేదని, ముందు తన చెప్పులైనా తీసేస్తే వరుస విరిగిపోతుందని నరహరి వంగాడు. బస్టాపు మొత్తం ఒక్కసారిగా లేచి నిలబడింది.

"ఓ అన్నా! ముంగటి చెప్పులు ముట్టకు!"

"అవి నావే!"

"అందరు గట్లనే అంటరు!"

సొంత చెప్పులను వదిలేసి, కాలుతున్న ఫుట్‌పాత్ మీద గెంతుకుంటూ అతను గుమ్మంలోకి వచ్చి పడ్డాడు. ఈలోగా వరుస మలుపు తిరిగి యూనివర్సిటీ వైపు సాగింది. పొడుగు పెరిగేకొద్దీ దాని కారణం కూడా మారుతూ పోయింది. మలుపు దగ్గర బియ్యం ఇస్తున్నారట. క్యాంపస్ గేటు దగ్గర హాస్టల్ గదులు మళ్లీ ఇస్తున్నారట. రీసెర్చి స్కాలర్లు పరుపుచుట్టలతో సహా వచ్చి నిలబడ్డారని మొగిలి వార్త మోసుకొచ్చాడు. అంతలో నరహరి ఫోన్ మోగింది. పార్థసారథి గారు.

"నరహరీ, సాత్విక్‌ను పంపించాను. అగ్రిమెంటు కాగితాలు తెస్తున్నాడు. నేను కొంచెం ఆలస్యంగా వస్తానయ్యా. క్యాంపస్‌లో వాకింగ్‌కు వచ్చి లైన్‌లో నిలబడ్డాను."

నరహరి గుమ్మంలోంచి మలుపు వైపు చూశాడు. "ఏం లైను సార్?"

"తెలియదు. కానీ చాలా పద్ధతిగా ఉంది."

పార్థసారథి గారు రిటైరైన ప్రొఫెసర్. వరుస కనిపిస్తే చాలు, ఆయనకు నిలబడబుద్ధవుతుంది. ఆ వరుస తన సొంత బిల్డింగు గుమ్మానికే వచ్చి ఆగుతుందని చెప్పే ధైర్యం నరహరికి లేకపోయింది.

ఫోన్ పెట్టేసేసరికి సాత్విక్ రానే వచ్చాడు. టక్ చేసుకుని, ఫైలు చంకన పెట్టుకుని నేరుగా గుమ్మం వైపు నడిచాడు.

"ఓ భాయ్, లైన్ల రా!" అన్నారు బస్టాపులోంచి.

"నేను లైన్ కోసం రాలేదు. ఈ హాలు తీసుకోవడానికి వచ్చా."

"హాలు మొత్తం నీకేనా? మేం పొద్దుగాలటి సంది కూసున్నోళ్లం ఏమైపోవాలె?" అని రాములవ్వ చీపురులాగా చెయ్యి విసిరింది. "పో, ఆఖరుకు పో!"

సాత్విక్ ఏదో వాదించబోయాడు. హెల్మెట్ తాలూకు మనిషి, ఇటుక తాలూకు మనిషి లేచి అతన్ని మర్యాదగా క్యాంపస్ దిక్కుకు నడిపించుకుపోయారు. పొద్దుటి నుంచి చూస్తున్న ఆ వరుస మీద నరహరికి కాస్త ప్రేమ పుట్టింది అప్పుడే.

ఆ ప్రేమ ఎక్కువసేపు నిలవలేదు. ఎక్సైజ్ జీపు వచ్చి ఆగింది. అందులోంచి దిగిన స్నేహలత మేడమ్ వరుసను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడబోయింది. ఆ కొస కనిపించలేదు.

"ఏంది నరహరి గారూ ఇది? పర్మిషన్ రాకముందే ఓపెన్ చేసిండ్రా?"

"లేదు మేడమ్... చెప్పులు... అంటే ముందు నావే..."

ఆమె వినిపించుకోకుండా గుమ్మం వైపు నడిచింది. రాములవ్వ అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఏడికి బిడ్డా?"

"నేను ఎక్సైజ్ ఆఫీసర్‌ను అవ్వా. లోపలికి పోవాలె."

"ఆఫీసరైతే ఏంది? ఆఫీసర్‌ను చూసి రోగం ఆగుతదా? లైన్ల రా!"

వెనక జనం చప్పట్లు కొట్టారు. అది చాలదన్నట్టు మొగిలి అలవాటు కొద్దీ "మేడమ్, టెంపరేచర్" అంటూ ఆమె నుదుటికి గన్ను పెట్టాడు. నరహరి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అయిపోయింది, నా హాలు పోయింది, నా దీపాలు పోయాయి అనుకున్నాడు. కళ్లు తెరిచేసరికి స్నేహలత మేడమ్ బ్యాగులోంచి టేపు తీసి చెప్పుకూ చెప్పుకూ మధ్య దూరం కొలుచుకుంటూ మలుపు దాకా పోతోంది. ఆమె మొహంలో ఏముందో మాస్కు వల్ల తెలియలేదు.

ఆమె తిరిగి వస్తుండగానే క్యాంపస్ వైపు నుంచి ఒక నర్సు రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. పేరు నిరోష.

"గీడ సూది వేస్తరని ఎవరు చెప్పిండ్రు మీకు? మా క్యాంపు యూనివర్సిటీ హెల్త్ సెంటర్ల ఉన్నది! పొద్దుగాల పదిమంది ఉండె. గీ లైను చూసి ఆ పదిమంది గూడ గిటే వచ్చిండ్రు. సాయంత్రం దాకా ఎవరు రాకుంటే మందు వాపస్ పట్కపోతరు!"

క్యాంపు దగ్గరి వరుస పొట్టిది. తార్నాక వరుస పొడుగుది. ఇన్నాళ్లుగా వరుసల్లో ఆరితేరిన జనం పొట్టిదాన్ని ఎలా నమ్ముతారు? అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాములవ్వ మెల్లగా కిందికి కూలబడింది.

"నాలుగోపారి గూడ వాపసేనా బిడ్డా?" ఆ గొంతు వినేసరికి నరహరి తన బాధ మరిచిపోయాడు.

"వాపసెందుకవ్వా? అందరు క్యాంపు కాడికి రాండ్రి" అంది నిరోష.

అసలు కొంప మునిగింది అక్కడే. అక్కడికి పోతే ముందెవరు? ముందున్నవాళ్లు మేమే ముందన్నారు. గేటు దగ్గరివాళ్లు క్యాంపు మాకే దగ్గర, కాబట్టి ఇప్పుడు మేమే ముందన్నారు. చెప్పులు గాల్లోకి లేచాయి, కొన్ని కాళ్లకు, కొన్ని చేతులకు. స్నేహలత మేడమ్ పెన్ను మూత తీసింది. వరుస ఇంకొక్క నిమిషంలో విరిగిపోతుంది. దాంతోపాటు వెన్నెల కూడా.

నరహరి కుర్చీ ఒకటి లాక్కొచ్చి దానిమీదికెక్కాడు. డాన్స్ ఫ్లోర్ చివరి దాకా వినిపించేలా పదేళ్లు కేకలేసిన గొంతు అది.

"ఎక్కడోళ్లు అక్కడనే ఆగుండ్రి! మనం పోవుడు లేదు, సూదే గీడికొస్తది!" తర్వాత నిరోష వైపు తిరిగాడు. "చెల్లె, నా హాలున్నది. బల్లలు దూరం దూరం ఏసి ఉన్నయి. కూలింగుకు ఫ్రిజ్‌లున్నయి, బీర్లు లేక ఖాళీగున్నయి. నీ వ్యాన్ గీడికే తెప్పియ్యి."

నిరోష పక్కకు పోయి డాక్టరుకు ఫోన్ చేసింది. నరహరి స్నేహలత మేడమ్ ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"మేడమ్, నిజం చెప్త. వీళ్లు నా కస్టమర్లు కారు."

"లైన్ మీదేనా?"

"గుండ్రాలు నావి. ముంగటి చెప్పులు నావి. మిగతాది దానంతటదే అయింది మేడమ్."

ఆమె రూల్స్ కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పింది. "బార్‌ల సూదులు ఏయొద్దని ఏడ రాసి లేదు" అంది.

వ్యాన్ వచ్చింది. మందు డబ్బాతో, ఇద్దరు నర్సులతో డాక్టరు దిగాడు. మొదటి సూది రాములవ్వకు. వేయించుకున్నవాళ్లు అరగంట కూర్చోవాలన్నారు కాబట్టి ఒక్కొక్కరినీ ఒక్కో బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఉత్తగా ఎలా కూర్చోబెడతామని నరహరి వంటింట్లోంచి ఉడకబెట్టిన పల్లీలు, నిమ్మకాయ నీళ్లు పంపించాడు. వాళ్లు తోచక విసుక్కోకుండా సన్నగా పాట పెట్టించాడు. స్నేహలత మేడమ్ బల్లబల్లకూ తిరిగింది. బల్ల మీద తిండి ఉంది. మనిషికీ మనిషికీ దూరం ఉంది. పాట ఉంది, కదిలేవాడు లేడు. ఉన్నట్టుండి ఆమె ఆగింది.

"ఆ అవ్వ భుజం ఊపుతున్నది చూడుండ్రి. అది డాన్స్ కాదా?"

"సూది నొప్పి మేడమ్! చెయ్యి లాగుతున్నదట" అని నరహరి అడ్డుపడ్డాడు.

"నొప్పేం లేదు కొడుకా, పాట మంచిగున్నది" అంది రాములవ్వ. మొగిలి ఒక్క గంతులో పోయి పాట ఆపేశాడు.

ఎట్టకేలకు పార్థసారథి గారి వంతు వచ్చింది. చొక్కా చేయి మడుచుకుంటూ లోపలికి వచ్చిన ఆయన నాలుగు దిక్కులూ చూశారు.

"ఏమయ్యా, ఇది నా బిల్డింగు కదూ?"

"ఔను సార్."

ఆయన సూది వేయించుకుని, బల్ల దగ్గర కూర్చుని, పల్లీలన్నీ తిన్నారు. తిన్నాక అన్నారు: "ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ఇంతమంది ఇంత బుద్ధిగా కూర్చోవడం ఒక్కనాడూ చూడలేదు. ఇక్కడ కోచింగ్ ఎందుకయ్యా? హాలు నీ దగ్గరే ఉండనీ. సాత్విక్‌కు నేను చెప్తాలే."

"ఆయన ఏడున్నడు సార్?"

"నా వెనకే. బాగా వెనక."

స్నేహలత మేడమ్ బల్ల మీద కాగితాలు పరిచి, పర్మిషన్ మీద, ఫీజు మాఫీ మీద టకటకా సంతకాలు పెట్టింది. "ఎన్ని బార్లు తిరిగిననో లెక్క లేదు నరహరి గారూ. గుండ్రాలు అందరు గీసిండ్రు. ఆఫీసర్‌ను గూడ లోపలికి పోనియ్యని లైన్ మాత్రం మీ కాడనే చూసిన."

నరహరి మొగిలిని కావలించుకున్నాడు. చేతులు సగం దాకే అందాయి. అక్కడినుంచి పరిగెత్తిపోయి, ఏడాదికి పైగా ముట్టని స్విచ్చులన్నీ నొక్కేశాడు. డాన్స్ ఫ్లోర్ మీద ఎర్రవీ నీలివీ దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. పల్లీలు తింటున్న జనమంతా "ఓ..." అని అరిచారు. నా హాలు, నా దీపాలు, ఎవడికీ ఇవ్వను అని నరహరి గట్టిగానే అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగినా తుడుచుకోలేదు. బయట చెప్పులు ఒక్కో గుండ్రమే ముందుకు జరుగుతూ సాయంత్రం దాకా వస్తూనే ఉన్నాయి.

స్నేహలత మేడమ్ తన రిపోర్టులో, ఇంత క్రమశిక్షణ గల కస్టమర్లున్న బార్ ఊళ్లో మరొకటి లేదని రాసింది. వాళ్లలో ఒక్కరూ అక్కడ చుక్క ముట్టలేదని రాయడానికి అందులో గడి లేదు.