ఒక గంప, పద్నాలుగు కాపీలు

కంప్యూటర్లో ఫొటోలు దాచే విద్య కొత్తపేట మొత్తం మీద నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. అందుకే ఘంటాపథంగా చెబుతున్నాను: ఒక్క ఫొటో పద్నాలుగు కాపీలు కావడం మానవజాతికి మహాభాగ్యం!

నవ్వకండి. కొబ్బరికాయ పాతితే ఎన్ని చెట్లు మొలుస్తాయి? ఒక్కటి! అదీ ఏళ్ల తరబడి నీళ్లు పోస్తే. అదే ఒక ఫొటోని ఆల్బమ్‌లోంచి, బొమ్మలు దిద్దే ఎడిటర్లోకి పంపి వెనక్కి తెచ్చుకోండి. కాఫీ తాగి వచ్చేసరికి అరటి పిలకల్లా లేచి కూచుంటాయి. అంబాజీపేట కొబ్బరి లారీలన్నిటికీ ఎక్కించినా ఇంకా మిగులుతాయి!

మొన్న మాఘంలో మా గాయత్రి పెళ్లయింది. దాని తల్లి సత్యనారాయణమ్మ నాకు పిన్ని కూతురు. పెళ్లికూతుర్ని గంపలో కూచోబెట్టి పీటల దగ్గరికి మోసుకురావలసినవాడు సొంత మేనమామ మంగరాజు. అతనికి మస్కట్‌లో సెలవు దొరకలేదు. వరసకు నేనూ మేనమామనే కదా! అరవై రెండేళ్ల నడుంతో ఒక్కణ్ణే ఎత్తేశాను. పిల్ల బరువెంతో ఇక్కడ రాయను; దానికీ అత్తవారున్నారు.

నేను గంప మోస్తుండగా గాయత్రి అన్న ఉదయ్ ఫొటో తీసి, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఇంతలో మస్కట్ నుంచి మంగరాజు ఫోను: “నేను లేని లోటు ఫొటోలో కనబడకూడదురా!”

ఇంకేం? వాడు ఫొటోని ఎడిటర్లోకి పంపి, నా మెడ మీద మంగరాజు తల పెట్టాడు. వంకరగా ఉందని మళ్లీ పంపాడు. రంగు కలవలేదని మళ్లీ. పంపినప్పుడల్లా ఆల్బమ్‌లో ఒక కాపీ! ‘గంప’, ‘గంప కొత్తది’, ‘గంప ఫైనల్’, ‘గంప అసలు ఫైనల్’...

“ఒరే, నా తల ఉన్నదేదిరా?” అని అడిగాను.

“మొదటిసారి మార్చింది అసలు ఫొటో మీదే సేవ్ అయిపోయింది మావయ్యా. కెమెరా కార్డు కూడా ఖాళీ చేసేసేను. పద్నాలుగున్నాయి కదండీ, మీకేది కావాలంటే అది తీసుకోండి, ఆయ్!”

ఎంత ఉదారం! పద్నాలుగింటిలోనూ చేతులు నావి, తల మస్కట్‌ది.

కానీ ఇల్లాలి కళ్లను ఏ ఎడిటరు మోసం చెయ్యగలడు? ఫొటో చూడగానే మా ఆవిడ కాంతం, “ఆ చేతులు మా ఆయనవే!” అని వీధి వీధంతా వినబడేలా అరిచింది.

ఇంతకీ ఇంత విద్య నాకెలా అబ్బిందంటారా? అబ్బలేదండీ! మౌసు పట్టుకోవడమే రాదు. ఉదయ్ వెనక కుర్చీ వేసుకుని “నా తల, నా తల” అని గొణగడం ఒక్కటే వచ్చు. ఆ పెళ్లి తాలూకు అసలుదంటూ నాకు మిగిలింది నడుంనొప్పి. దానికి కాపీల్లేవు.

ఒక్కటి మాత్రం కల్పించాను, ఒప్పుకుంటున్నాను. కాంతం అలా అరవలేదు. ఆ రోజు గంప పక్కనే, నా చెమట తుడుస్తూ నడిచిన మనిషి, ఫొటోని మురిపెంగా చూసి ఏమందో తెలుసా?

“మంగరాజు ఎంత సులువుగా ఎత్తేడో చూడండి. మీరూ ఉన్నారు, ఎందుకూ!”