కలుపుగోలు కుర్చీలు

ఒక పెద్ద అడవిలో జంతువుల సభ ఒకటి ఉండేది కానీ, అందులో చివరిదాకా కూర్చున్నవాళ్లు లేరు. అధ్యక్షుడు నక్క పానకాలు గొంతు సవరించుకోగానే సగం మంది లేచి వెళ్లిపోయేవారు.

"లోపం ఉపన్యాసంలో లేదు, ఆసనాల్లో ఉంది," అని తేల్చి, పానకాలు చెంగమ్మను పిలిపించాడు.

చెంగమ్మ కొండముచ్చు. కొన్నాళ్లు పట్నంలో మేడల మీద తిరిగి, కిటికీల్లోంచి మనుషుల సంసారాలు చూసొచ్చింది. పచ్చని చెట్టు కొట్టకుండా, పడిపోయిన వెదురుతోనే కుర్చీలు చేసేది. చీల బిగిస్తే నాలుగు కుర్చీలూ ఒక బల్ల, చీల తీస్తే ఎవరి కుర్చీ వారిది. విరిగితే ఆ ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు.

"ఈ విద్య ఎక్కడిదే?" అన్నాడు పానకాలు.

"తోడికోడళ్లను చూసి నేర్చుకున్నానయ్యా. పనిబడితే కలుస్తారు, పంతమొస్తే విడిపోతారు, మళ్లీ కలుస్తారు. చీల వదులుగా ఉంటేనే ఇల్లు నిలుస్తుంది."

"ఆ విడిపోవడం తీసెయ్. ఒకడు లేస్తే పక్కవాడు పడాలి. ఇక ఎవడూ లేవడు. ఐకమత్యమంటే అదే. అందరి ఆసనాల మీదా ఆనించి, పైన నాది వెయ్."

"అలాంటి కాపురాలూ చూశాను. బాగుండవయ్యా."

"నేను కుర్చీలడిగాను, నీతులు కాదు."

కాదంటే వెదురుపొద దరిదాపులకి రానివ్వడు. చెంగమ్మ మనసు చంపుకుని, ఒకరి బరువు మీద ఒకరు నిలిచేలా కుర్చీలన్నీ ఒకే బల్లగా కలిపి చీలలన్నీ బిగగొట్టింది.

మొదటి సభలోనే ముళ్లపంది విసుగొచ్చి సగం లేచింది. పక్కనున్న ఎలుగుబంటి జారిపోతూ, "కూర్చో తల్లీ, నీ కోపం నా నడుము మీదికొచ్చింది," అని బతిమాలింది. ముళ్లపంది కూర్చుంది. పొద్దు వాలేదాకా పానకాలు మాట్లాడాడు. ఒక్కరూ కదల్లేదు. అతనికి కళ్లు చెమ్మగిల్లాయి.

ఆ ఊపులోనే, "నేను బతికున్నన్నాళ్లూ అధ్యక్షుడిగా ఉండాలని కోరేవాళ్లు లేచి నిలబడండి," అన్నాడు.

గిట్టనివాళ్లు పడతామన్న భయంతో బిగుసుకుని కూర్చున్నారు. అభిమానులు మాత్రం ఒకరికంటే ఒకరు ముందు కనబడాలని ఒక్క ఉదుటున లేచారు.

బల్ల తిరగబడింది. పానకాలు వెళ్లి బురదలో పడ్డాడు. మిగతావాళ్లూ పడ్డారు కానీ, నవ్వుతూ పడ్డారు.

"ఎవరిదీ కుట్ర?" అన్నాడు పానకాలు, మూతి తుడుచుకుంటూ.

"కుట్ర కాదయ్యా, అభిమానం," అంది చెంగమ్మ, ఒక్కో చీలా పీకి ఎవరి కుర్చీ వారికిస్తూ.

నీతి: పదవి పోవడానికి శత్రువులు లేవనక్కర్లేదు, మనవాళ్లంతా ఒక్కసారి లేస్తే చాలు.