ముప్ఫై ఏడో రికార్డు విన్నవాళ్లు

సంగీతం వినడానికి చెవులు అక్కర్లేదు, సభ్యత్వం చాలు! మా సంగీత సమాజం పుట్టిన రోజు నుంచీ ఈ సత్యం అమల్లో ఉంది.

సమాజానికి ప్రాణం ఒక పెట్టె. అందులో జగత్ప్రసిద్ధుడైన ఓ ఆర్కెస్ట్రా కండక్టరు రికార్డులు అరవై. కండక్టరంటే టిక్కెట్లు కొట్టేవాడు కాదండోయ్, చేతిలో పుల్లతో వందమంది వాద్యగాళ్లని ఆడించే మహానుభావుడు! ఆ అరవైలోనూ ముప్ఫై ఏడోదంటే మావాళ్లకి పూనకం. "ముప్ఫై ఏడులో మౌనం" అని అధ్యక్షులవారు మూడొందల పేజీల గ్రంథం రాసి బిరుదు కొట్టేశారు. ఆ రికార్డు విని కోశాధికారిగారు మూడుసార్లు వెక్కివెక్కి ఏడ్చారట. అందులో వయొలిన్ల దగ్గర మాటామాటా పెరిగి కార్యదర్శిగారికీ ఆయన బావమరిదికీ పదేళ్లుగా మాటల్లేవు.

ఆ పెట్టెకి కాపలా నేను. ఏడేళ్లుగా తాత్కాలిక ఉద్యోగిని. "ఈసారీ పర్మనెంటు కాకపోతే మా అన్నయ్య కొట్లో పొట్లాలు కట్టుకుందురుగాని" అని మా ఆవిడ తేల్చి చెప్పేసింది. నా సంగతి తేల్చే కమిటీ సమావేశంలోనే, మహానుభావుడి శతజయంతికి ముప్ఫై ఏడు వినిపించాలని తీర్మానించారు.

"పట్రావయ్యా!" అన్నారు అధ్యక్షులు.

పట్టుకెళ్లాను. కవరుకి అంటించిన కంపెనీ సీలు గోళ్లకి లొంగక, చివరికి పళ్లతో చింపారాయన. లోపల గుండ్రటి అట్టముక్క!

"దొంగ వెధవా! రికార్డేదీ?" అని లేచారు.

"పోలీసుల్ని పిలవండి" అన్నారు కోశాధికారి.

పర్మనెంటు మాట దేవుడెరుగు, జైలు ఖాయమనుకున్నాను.

"సార్, అట్టమీద ఏదో రాసుందండీ..."

కార్యదర్శి పైకి చదివారు. "ఈ రికార్డు ఇంకా తయారు కాలేదు. ఈ అట్ట తిప్పి పంపితే ఉచితంగా అందజేస్తాం." తేదీ పాతికేళ్ల కిందటిది.

"సీలు ఇప్పుడేగా సార్, తమరే చింపారు..." అని నసిగాను.

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. అధ్యక్షులు తీర్మానాల పుస్తకం కార్యదర్శి ముందుకి తోశారు.

"రాసుకోండి. అతిగా వినడం వల్ల ముప్ఫై ఏడో రికార్డు పూర్తిగా అరిగిపోయినదని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది. సాక్షి సంతకం నువ్వు పెట్టవయ్యా."

"నేను వినలేదండీ!"

"వినకపోతే తాత్కాలికం. వింటే పర్మనెంటు. ఆలోచించుకో."

విన్నాను! ఆ క్షణంలోనే, మొదటినుంచి చివరిదాకా విన్నాను. సంతకం గీకేశాను.

శతజయంతి సభలో, ఆఖరుసారి విన్నవాడిగా నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. నలభై నిమిషాలు మాట్లాడాను. మౌనం దగ్గరికొచ్చేసరికి నిజంగానే ఏడుపొచ్చింది. హాలంతా ఒకటే చప్పట్లు. మొదటి వరసలో కార్యదర్శిగారి బావమరిది కూడా కళ్లు తుడుచుకున్నాడు.

ఇంటికొస్తుంటే దారిలో మా ఆవిడ నా చెయ్యి గిల్లింది.

"ఏవండీ, మొన్న అది ఉత్త అట్టముక్కేనన్నారు కదా?"

నాకు ఒళ్లు మండిపోయింది.

"నోర్ముయ్! నువ్వు విన్నావా, నేను విన్నానా?"