బొట్టు లేని బొమ్మ

ఎల్లేశ్ ఇంట్లో అబద్ధం దాచడమంటే ఎండలో ఐసుగడ్డ దాచడమే. అయినా జనగామ పాత సామాన్ల దుకాణం నుంచి తెచ్చిన పొట్లాన్ని భార్య కనకలక్ష్మికి బాయికాడి మోటరు విప్పే పాన అని చెప్పాడు.

"మోటరుకు గింత సన్న పానా?"

"మోటరే సన్నబడ్డది."

పొట్లంలో ఉన్నది ఓ కార్డు. తన పాత కంప్యూటర్‌కు తగిలిస్తే టీవీ మీద బొమ్మ నాలుగింతలు నున్నగా వస్తుందట. ఎల్లేశ్‌కు కావలసింది ఒకే బొమ్మ, వాళ్ళమ్మ రాజమణిది. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆమె జన్మలో దిగలేదు. డిగ్రీ చదివే రోజుల్లో ఎల్లేశ్ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని కంప్యూటర్‌లో చుక్క చుక్కా పేర్చాడు. కొడుకు ముగ్గు పెడుతున్నాడనుకుని ఆమె కదలకుండా కూర్చుంది. పోయాక ఆమె ముఖమంటూ మిగిలింది ఆ బొమ్మను దాచిన క్యాసెట్ టేపులోనే. కన్ను రెండు చదరపు డబ్బాలు, ముక్కు మూడు, బొట్టు ఒక ఎర్ర డబ్బా.

పెద్దలకు పెట్టుకునే పెత్రమాసకు దంతాలపల్లి చుట్టాలు వచ్చేసరికి అమ్మను అచ్చం మనిషిలా చూపించాలని, జ్ఞాపకం మీద నెలరోజులు కొత్త చుక్కలు చేర్చాడు.

"గుప్పెడు పిండితోని వాకిలంత ముగ్గేస్తవా? చుక్కలు పెంచితే రంగులకు పిండి ఏడికెళ్ళి వస్తది?" అంది కనకలక్ష్మి.

"కంప్యూటర్ నీ ముగ్గు గిన్నె గాదు."

"చుట్టాల ముంగట నవ్వులపాలైతే ఆ డబ్బ పాత ఇనుప సామానోళ్ళకే. మాట ఇయ్యి."

ఇచ్చాడు.

పెత్రమాస పొద్దున కిటికీలు మూసి టేపు పెట్టాడు. టేపు కీచుమని ఏడ్చింది. వంటింట్లో గారెల చప్పుడు ఆగింది. నల్లని తెర మీద పైనుంచి ఒక్కో గీతే దిగసాగింది. పాపిట. నుదురు. కనుబొమలు. కళ్ళు.

ఎల్లేశ్ రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ కళ్ళు అతనితోపాటే వచ్చాయి.

కుర్చీలోని తండ్రి వీరస్వామి ముందుకు వంగాడు. "బొట్టేదిరా?"

నున్నదనానికే రంగులన్నీ ఖర్చయిపోయాయి. తెర మీద ఉన్నది నలుపూ తెలుపే.

"నేనుండంగ గామె బొట్టెట్ల దీసింది?" వీరస్వామి తన నాడి తానే పట్టి చూసుకున్నాడు. "ఎల్లేశూ, నేనున్ననా, పోయిన్నా?"

"ఉన్నవ్ బాపు."

"గట్టిగ జెప్పు. గామెకు ఇనవడాలె."

గీతలు ముక్కు దాటి ఆగిపోయాయి. కంప్యూటర్‌లో ఉన్న కాస్త చోటునూ బొమ్మే మింగేయడంతో దాన్ని గీసే ప్రోగ్రామ్‌కే చోటు మిగల్లేదు. నోరుండాల్సిన చోట తెల్లని చుక్కలు కదులుతున్నాయి. చప్పుడు లేకుండా, ఆగకుండా, ఎవరో మాట్లాడుతున్నట్టు.

"ఏమంటున్నవే?" వీరస్వామి చెవికి చెయ్యి ఆనించుకున్నాడు.

పిండి చేతులతోనే కనకలక్ష్మి వచ్చి టీవీకి చెవి పెట్టింది. ఆమె ముఖం పాలిపోయింది.

"అత్త మాట్లాడుతున్నది."

"ఏ... ఏమని?"

"'చిట్టెలుకా, గా మోటరు పాన పీకెయ్యి' అంటున్నది."

ఎల్లేశ్ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చిట్టెలుక అని పిలిచింది లోకంలో అమ్మ ఒక్కతే. అది కూడా చెవిలో. ప్లగ్గు లాగాడు, కార్డు పీకాడు, టేపులోని పాత బొమ్మే పెట్టాడు.

డబ్బా డబ్బాగా అమ్మ వచ్చింది, ఎర్ర బొట్టుతో. వీరస్వామి గుమ్మం దాకా నడిచి తిరిగి చూశాడు.

"గీడికెళ్ళి జూడుండ్రి. గిదే రాజమణి."

అంత దూరం నుంచి డబ్బాలన్నీ కలిసిపోయి, నిజంగానే ఆమె. చుట్టాలు వచ్చాక అందరినీ గుమ్మం దగ్గరే కూర్చోబెట్టారు. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు.

వాళ్ళు వెళ్ళాక విస్తరి ముందు కూర్చుని ఎల్లేశ్ నెమ్మదిగా అడిగాడు. "పాన సంగతి నీకెట్ల దెలిసింది?"

"దుకాణపాయన ఫోన్ జేసిండు. 'కార్డు మంచిగ పనిజేస్తున్నదా అక్కా' అని."

"మరి చిట్టెలుక?"

"బాపు జెప్పిండు గావచ్చు."

వీరస్వామి గారె నమలడం ఆపాడు. "గా పేరు నాకే దెల్వది బిడ్డా."

కనకలక్ష్మి ఇంకో గారె వడ్డించింది. నవ్వలేదు.

ఎల్లేశ్ తన విస్తట్లోని రెండు గారెలు తీసుకెళ్ళి టీవీ ముందు పెట్టాడు. "రేపే కార్డు వాపస్ ఇస్త అవ్వా," అన్నాడు తల వంచుకుని, "అది మోటరు పాన గాదు."